నాలుగు రెట్లు అన్నవాళ్లు ఒకసారి ఇటు రండి

మాక్రమే, అంటే దారాలకు ముళ్లు వేస్తూ అల్లే పని, నేర్చుకుంటామనగానే అందరూ చెప్పే లెక్క ఒకటే. అల్లిక ఎంత పొడవు కావాలో దానికి నాలుగు రెట్లు దారం కత్తిరించుకోవాలట. సరే అని మీటరు పొడవు కుండీ ఉట్టికి 4 మీటర్ల చొప్పున 8 పోగులు కత్తిరించాను. మధ్యకు మడిచి రింగుకు తగిలిస్తే ఒక్కో కొస 2 మీటర్లే! ఆ నాలుగు రెట్లు మడతపెట్టాక ఒక్కో కొసకు కావాలి, అంటే కత్తిరించేటప్పుడు ఎనిమిది రెట్లు. ఆ ముక్క ఒక్కరు కూడా చెప్పరేం?

సగం అల్లేసరికి పక్క కొసలు వేలెడేసి మిగిలాయి. క్రోషా సూదితో లాగి లాగి ఇంకో రెండు ముళ్లు వేశాను. మూడోది పడలేదు. అదేం చిత్రమో, మధ్య కొసలు మాత్రం ఇంకా మీటరున్నర వేలాడుతున్నాయి.

చిత్రమేమీ లేదు. నేను వేసేది నాలుగు కొసల ముడి, స్క్వేర్ నాట్ అంటారు. అందులో మధ్య రెండూ ఊరికే నిలబడతాయి, చాకిరీ అంతా పక్క రెండింటిదే. మరి అన్నిటికీ ఒకే కొలత ఎందుకు? ఇప్పుడు నేను సగానికి మడవడం మానేశాను. 6 మీటర్ల పోగు తీసుకుని ఒకవైపు నాలుగున్నర, ఇంకోవైపు ఒకటిన్నర వదిలి తగిలిస్తాను. పొడుగు కొస బయటికి, పొట్టిది లోపలికి. ఎనిమిది రెట్ల లెక్క మీద ఉట్టికి 16 మీటర్లు మిగులు. పొట్టి కొస మరీ పొట్టిగా ఉన్నా కష్టమే. కుండీ కూర్చునే చోట జతలు మారి, అప్పటిదాకా మధ్యలో ఉన్నవే ముడి వేయాల్సి వస్తుంది.

ఇక దారం షాపు సంగతి. "కిలోకి ఎన్ని మీటర్లు వస్తుందండీ?" అంటే "కిలో అంటే కిలోనేనమ్మా" అన్నాడాయన. 3 మిల్లీమీటర్ల దారం బదులు అదే రకంలో 4 తీసుకుంటే కిలోకి వచ్చే పొడవు దాదాపు సగానికి పడిపోతుంది. మందం పెరిగింది కొంచెమే కదా అనుకుంటాం, బరువు అలా ఊరుకోదు. చాలక మళ్లీ వెళ్లి తెస్తే రెండో కట్ట తెలుపు వేరు, మొదటి కట్ట తెలుపు వేరు. పక్కపక్కన పెడితే ఒకటి పాలు, ఒకటి మజ్జిగ.

అమ్మకు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాను. ఆవిడ వైరు బుట్టలు అల్లిన మనిషి, టేపు లేకుండా బారలతో కొలిచేది. "ముందు జానెడు అల్లి, విప్పి చూసుకోవద్దటే?" అంది. మీటరు కొసతో 10 సెంటీమీటర్లు అల్లి మిగిలింది కొలిచాను. నా చేతి బిగువుకి పక్క కొస 42 సెంటీమీటర్లు తిన్నది. పది నిమిషాల పని. దీనికోసం నేను ఎంతమందిని అడిగానో!

ఆ సగం ఉట్టి ఇప్పుడు వంటింట్లో వేలాడుతోంది. కుండీ పట్టలేదు గానీ, పావుకిలో వెల్లుల్లి పట్టింది.