పంపు రూము తాళం ఎక్కడుంది?
ఫైర్ ఇంజనీరు సీనియర్ పోస్టులోకి వెళ్ళాక డ్రాయింగులు, తనిఖీలు కింది వాళ్ళకి వదిలేసి మనుషుల్ని నడిపించడం నేర్చుకోవాలని ఎవరో రాశారు. సగమే ఒప్పుకుంటాను. నాగ్‌పూర్ ఫైర్ కాలేజీలో చదివి, పదిహేనేళ్ళు సైట్లలో తిరిగి, పోయినేడాది ఒక కంపెనీలో ఫైర్ సేఫ్టీ హెడ్‌గా చేరాను. మొదటి మూడు రోజులూ పరిచయాలు, మీటింగులే. నాలుగో రోజు ఊరికే పంపు రూముకి వెళ్తే (తాళం వెతకడానికే అరగంట పట్టింది) పైపుల్లో నీటి ఒత్తిడి తగ్గితే దానంతటదే ఆన్ అయ్యే చిన్న జాకీ పంపు రెండు నిమిషాలకోసారి ఆన్ అవుతోంది. అంటే మంటలార్పే నీళ్ళు వెళ్ళే హైడ్రెంట్ లైను ఎక్కడో కారుతోందన్నమాట. మంటలప్పుడు కరెంటు లేకపోయినా దానంతటదే స్టార్ట్ అయ్యేలా ఆటోలో ఉండాల్సిన డీజిల్ పంపు మాన్యువల్‌లో ఉంది, దాన్ని స్టార్ట్ చేసే బ్యాటరీ ఎప్పుడో పోయింది. నెలనెలా వచ్చే రిపోర్టులో మాత్రం అన్నిటికీ ‘ఓకే’ అనే ఉంది. ఆ రోజు కూడా మీటింగులోనే కూర్చునుంటే నేనూ దానిమీద సంతకం పెట్టేసేవాణ్ణి.