తట్టుకుంటుందండి!

గోదావరి డెల్టాలో మర్యాదస్తుల హాల్లో ఉండదగ్గ చేప ఏది అన్న సంగతి ఇన్నాళ్లూ తేలలేదు. గోల్డ్‌ఫిష్ పిల్లల పుట్టినరోజుకి వస్తుంది, మిగిలిన కేకు పాడయ్యేలోపే పోతుంది. అరవానా వాస్తు కోసం వస్తుంది గానీ, దాని ధర విన్నాక ఈశాన్యం ఖాళీగా ఉన్నా ఇంటికేం కాదని సిద్ధాంతిగారే ఒప్పుకుంటున్నారు. ఫ్లవర్‌హార్న్ నుదుటి మీద బొప్పి ఎంత పెరిగితే ఇంట్లో అంత లక్ష్మి అని చెప్పి అమ్మారు. కొన్నవాళ్లకి బొప్పి కట్టిన మాట నిజమే.

ఈ లోటు తీర్చడానికి ఆఫ్రికా నుంచి బిచిర్ దిగింది. షాపుల్లో డ్రాగన్ అనీ, డైనోసార్ అనీ కూడా అంటున్నారు. దీని గురించి కొంత చదివి, కొంత విని, కొన్ని హాళ్లలో సోఫా అంచున కూర్చుని చూసిన మీదట నేను తేల్చిందేమంటే, మన డెల్టాకి ఇంతకంటే తగిన చేప భూమ్మీద లేదు. నీటి విషయంలో మనం వెలగబెట్టే ఘనకార్యాలన్నిటినీ భరించే ఏర్పాటు దానికి పుట్టుకతోనే ఉంది. ఇదే విషయాన్ని షాపు కుర్రాడు రెండు మాటల్లో చెప్పేస్తాడు: "ఆయ్, తట్టుకుంటుందండి."

ముందు చేప సంగతి చెప్పాలి. పొడుగాటి ఒళ్లు, వెడల్పాటి తల, మూతి మీద రెండు చిన్న గొట్టాల ముక్కు. వీపు మీద ఒకే రెక్క ఉండాల్సిన చోట తోక దాకా వరసగా చిన్న చిన్న రెక్కలు, జాతిని బట్టి ఏడు మొదలు పద్దెనిమిది దాకా. పగలంతా ముందు రెక్కలు అడుగున ఆనించి అలా కూర్చునే ఉంటుంది. రాత్రయ్యాక తిరుగుతుంది. చూపు అంతంతమాత్రం, వాసన పట్టే తిండి వెతుక్కుంటుంది. దీని కుటుంబం శిలాజాలు డైనోసార్ల కాలం నాటివి ఆఫ్రికాలో దొరికాయి. నెపోలియన్ ఈజిప్టు మీదికి దండెత్తినప్పుడు వెంట వెళ్లిన పండితుల్లో ఒకడైన జోఫ్రువా సాంతిలేర్ నైలు నదిలో దీన్ని చూసి 1802లో శాస్త్రానికి పరిచయం చేశాడు. ఈ ఒక్క చేప కోసమైనా ఈజిప్టు దాకా పోవచ్చన్నట్టు జంతుశాస్త్రంలో మహాపండితుడైన క్యూవియే అంతటి వాడు మెచ్చుకున్నాడని చెబుతారు. అంతమంది పండితుల్లో ఒక్కరైనా "మరి పులుసుకా, ఇగురుకా?" అని అడిగినట్టు మాత్రం ఎక్కడా రాసి లేదు. గోదారి మనిషి ఒక్కడు ఆ ఓడలో ఉంటే ఆ లోటు ఉండేది కాదు.

మన దగ్గర ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ తొట్టె ముందు నిలబడి మొదట అడిగే ప్రశ్న అదే. రెండోది, "కిలో ఎంత బావగారూ?" ఇంటాయన మొహం మాడుతుంది. చేపని టన్నుల్లోనూ, రొయ్యని కిలోకి ఎన్ని తూగుతాయన్న కౌంటులోనూ తప్ప మరో రకంగా చూడటం అలవాటు లేని జిల్లాలో, ఒక చేపని కూర్చోబెట్టి గౌరవించడమంటే మాటలు కాదు. అయినా బిచిర్‌కి ఈ విషయంలో ఒకరి దయతో పని లేదు. దాని పొలుసు మన రాగండి, బొచ్చెల పొలుసు లాంటిది కాదు. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్లు 2008లో సెనెగల్ బిచిర్ పొలుసుని పరీక్షించి, అందులో నాలుగు పొరలున్నాయనీ, దెబ్బ తగిలితే ఒక్కో పొరా ఒక్కో రకంగా కాచుకుంటుందనీ చెప్పారు. సైనికుల కవచాలకి పనికొస్తుందేమోనని ఆ పరిశోధనకి అమెరికా సైన్యమే డబ్బిచ్చింది. కత్తిపీట ముందు కూర్చున్న మన చేపలావిడ దీన్ని ఒకసారి తోమబోయి, "పట్టుకుపోండి బాబూ మీ చేపని" అనేయడం ఖాయం. ఆఫ్రికాలో కొన్ని చోట్ల దీన్ని వండుకుని తింటారన్న సంగతి మాత్రం భీమవరంలో పొక్కనివ్వకండి.

ఇక ఊపిరి. డెల్టాలో ఆక్వా రైతుకి నిద్ర పట్టనివ్వని మాట ఒకటుంది, డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. మబ్బు పట్టిన రాత్రి, తెల్లారగట్ల, అది పడిపోతుంది. అదే వేళకి కరెంటు పోతే నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి. జనరేటర్ స్టార్ట్ అయ్యేలోపు రొయ్య పైకి తేలుతుంది. రొయ్యతో పాటు అప్పూ తేలుతుంది. బిచిర్‌కి ఈ టెన్షన్ లేదు. మొప్పలు కాక దానికి రెండు ఊపిరితిత్తులున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి ఇంత గాలి పీల్చుకుని మళ్లీ అడుక్కి పోతుంది. తల మీద ఉన్న రెండు చిన్న రంధ్రాల్లోంచి కూడా పీలుస్తుందని 2014లో రుజువు చేశారు. ఊపిరితిత్తులున్న వనామీ రొయ్యని కనిపెట్టండి మహాప్రభో అని మన రైతులు ఏ దేవుడికి మొక్కుకోవాలో తెలియక తిరుగుతుంటే, ఆ వరమేదో అమ్ముకోవడానికి లేని చేపకి దక్కింది. 2025లో అమెరికా వేసిన సుంకాలతో రొయ్య ధర పడిపోయి ఊళ్లకి ఊళ్లు తల పట్టుకున్నప్పుడు కూడా బిచిర్ ఎప్పటిలాగే కూర్చునుంది.

ఇక్కడే మన వాళ్ల తెలివి బయటపడుతుంది. గాలి పీలుస్తుంది కాబట్టి నీళ్లెలా ఉన్నా ఫర్వాలేదని అర్థం చేసుకున్నారు. చెరువులో అమోనియా ఎంతుందో, పీహెచ్ ఎంతుందో చూపించుకోవడానికి సీసాలో నీళ్లు పట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తే మనిషి, హాల్లో తొట్టె నీళ్లు టీ రంగులోకి తిరిగినా "వాడికి అలవాటే" అంటాడు. ఎకరానికి ఎన్ని పిల్లలు వదలాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలవాడు, రెండడుగుల తొట్టెలో మూడు బిచిర్‌లు వేస్తాడు. ఊపిరితిత్తులు గాలికే గానీ అమోనియాకి కాదని అతనికి ఒకరు చెప్పాలా? చెరువుకి జియోలైట్, ప్రోబయోటిక్ బస్తాలు మోయించే చేత్తో తొట్టెకి ఒక మంచి ఫిల్టరు కొనడానికి మాత్రం ప్రాణం ఒప్పదు. చెరువులో చేప పోతే నష్టం, హాల్లో చేప పోతే ఖాళీ. లెక్కలు రెండూ వేరు.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి ఈ నేలంతా కాలవల మయం చేసిపోయాడు. ఊరూరా విగ్రహం పెట్టి దండలు వేసుకుంటున్నాం. ఆయన ఇచ్చిన కాలవ గట్టు మీదనుంచే, ఇరవై లీటర్ల టిన్నులు వేసుకుని ఆటో ఒకటి పొద్దున్నే హారన్ కొట్టుకుంటూ వస్తుంది. బోరు వేస్తే చాలా చోట్ల ఉప్పునీరు. కాలవలోకి చెరువుల నీళ్లు. ఎండాకాలం మరమ్మతులకని కాలవలు కట్టేస్తే అదీ లేదు. కాబట్టి గోదావరి ఒడ్డున పుట్టినవాడు నీళ్లు కొనుక్కుని తాగుతున్నాడు, అది పాత విషయం. కొత్త విషయమేమిటంటే, మూడొందల లీటర్ల తొట్టెలో వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి. అంటే దగ్గర దగ్గర నాలుగు టిన్నులు. ఇంట్లో పనిచేసే మనిషికి కుళాయి నీళ్లు, చేపకి ఆర్వో నీళ్లు ఇచ్చే ఇళ్లు వెలిశాయి. ఇందులో ఇంకో ముచ్చటుంది. ఖనిజాలన్నీ తీసేసిన ఆర్వో నీళ్లొక్కటే పోస్తే చేపకి మంచిది కాదు. క్లోరిన్ విరిచిన మామూలు కుళాయి నీళ్లే దానికి హాయి. ఇంత ఖర్చు పెట్టాక ఈ మాట ఎవరు వింటారు?

మూత గురించి రెండు ముక్కలు. బిచిర్ సందు దొరికితే బయటికి పోతుంది. ఫిల్టరు పైపు దూరే కంత చాలు. అందుకని మూత గట్టిగా బిగించి, సందులన్నీ మూసి, నీటికీ మూతకీ మధ్య గాలి పీల్చుకోవడానికి కొంత జాగా వదలాలి. మన ఇళ్లలో మూత ఎక్కడుంటుందంటే గోడకి చేర్చి ఉంటుంది, మేత వేయడానికి అడ్డమని. చేప తెల్లారేసరికి టీవీ స్టాండు కింద దొరుకుతుంది. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు బిచిర్ పిల్లల్ని ఎనిమిది నెలలు దాదాపు నేల మీదే పెంచి చూశారు. అవి తల పైకెత్తి, రెక్కలు ఒంటికి దగ్గరగా మోపి, జారకుండా నడవడం నేర్చాయని 2014లో ప్రకటించారు. చేపలు ఒకప్పుడు నేలమీదికి ఎలా వచ్చాయో తెలుసుకోవాలని వాళ్ల తాపత్రయం. అక్కడ నేల తడిగా ఉంచడానికి నీటి తుంపరలు చల్లే ఏర్పాటు చేయాల్సి వచ్చింది పాపం. శ్రావణ మాసంలో మన ఊళ్లో ఏ వీధిలో వదిలినా ఆ ఏర్పాటు పైసా ఖర్చు లేకుండా జరిగేది.

ఈ చేప కోసం అసలు ఖర్చు పెట్టినవాడు ఇంకొకడున్నాడు. జాన్ బడ్జెట్ అని ఇంగ్లండు కుర్రాడు. బిచిర్ గుడ్డు ఎలా పిల్లవుతుందో చూడాలని ఆఫ్రికాకి మళ్లీ మళ్లీ పోయాడు. చివరికి 1903లో నైజర్ నది దిగువన గుడ్లు సంపాదించాడు. అక్కడి జ్వరాలు ఒంట్లో పెట్టుకుని ఇంటికొచ్చి, 1904 జనవరిలో 31 ఏళ్లకే పోయాడు. పిల్ల బిచిర్‌కి తల పక్కన ఈకల్లాంటి మొప్పలు బయటికి ఉంటాయి, పెద్దయ్యాక పోతాయి. అతను ప్రాణం పెట్టింది ఇలాంటి సంగతుల కోసం. మన దగ్గర కొన్నవాళ్లలో చాలామందికి తమ తొట్టెలో ఉన్నది ఏ జాతో కూడా తెలియదు. సెనెగల్ రకం అయితే తొట్టెలో అడుగు దాకా పెరిగి ఆగుతుంది. ఎండ్లిచెరి రకం రెండడుగులు దాటుతుంది. రెండూ పిల్లలప్పుడు జానెడే. షాపులో అడిగితే "ఇంతే ఉంటుందండి" అంటారు. నిజమే, ఆ రోజుకి అంతే ఉంటుంది.

పక్కన ఏ చేపలు వేయాలి అన్న ప్రశ్నకి జవాబు చిన్నదే. దాని నోట్లో పట్టనివి. నియాన్ టెట్రాలు వేసినవాళ్లు మర్నాడు పొద్దున తొట్టె ఎంత నిర్మలంగా ఉందో అని మెచ్చుకున్నారు. షాపువాడు ఎక్కువ లెక్కపెట్టి ఇచ్చాడో తక్కువ ఇచ్చాడో అని ఇప్పటికీ తగాదా పడుతున్నారు.

పెరిగిపోయింది, ఏం చేయాలి? డెల్టాలో ఏ సమస్యకైనా ఉన్న పరిష్కారమే దీనికీ ఉంది. కాలవ. కోళ్లఫారం ఈకలు, పెళ్లి విస్తళ్లు, దేవుడి పటాలు, అన్నీ అందులోకే పోతుంటే ఒక్క చేప ఎక్కువా? తొట్టె అద్దం నాకి శుభ్రం చేస్తుందని తెచ్చిన సక్కర్ చేపని మనం ఇలాగే సాగనంపాం. అది ఇప్పుడు దెయ్యం చేప అన్న పేరుతో వలలు చింపుతూ జాలరులకి దర్శనమిస్తోంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని ప్రభుత్వం నిషేధించి ఏళ్లయినా, చాటుగా తవ్విన గుంటలు దొరుకుతూనే ఉన్నాయి. మాంసాహారి, గాలి పీల్చేది, కత్తికి లొంగనిది అయిన మరో చేపని కొల్లేటి దారిలో వదిలిపెట్టడానికి ఇంకేం అర్హత కావాలి? మన మట్టగిడసలకీ కొరమేనుకీ గాలి పీల్చడం తెలుసు కాబట్టి పోటీ న్యాయంగానే ఉంటుందని కాలవ గట్టున ఒక పెద్దమనిషి నాతో అన్నాడు. ఆయన చేతిలో అప్పుడు మూత కట్టిన బకెట్టు ఉంది.

వదలనివాళ్ల ఇళ్లలో ఇంకో చిక్కు. సరిగా చూస్తే బిచిర్ పదేళ్లు దాటి బతుకుతుంది. ఇంటర్‌లో ఉండగా అబ్బాయి ముచ్చటపడి కొన్న చేప, అతను బీటెక్ అయి, డల్లాస్ వెళ్లి, పెళ్లయి, అక్కడో ఇల్లు కొనుక్కున్నాక కూడా ఇక్కడ హాల్లోనే ఉంటుంది. దాని బాగోగులు అమ్మానాన్నల మీద పడతాయి. ఆయనకి షుగరు, ఆవిడకి మోకాళ్లు. రెండ్రోజులకోసారి చేపకి రొయ్య వలిచి ముక్కలు కోయాలి, వారానికోసారి బకెట్లు మోయాలి. అక్కడ తెల్లవారే వేళకి ఇక్కడ చీకటి పడుతుంది, బిచిర్ బయటికొచ్చే టైమూ అదే. అప్పుడు వీడియో కాల్ వస్తుంది.

"నాన్నా, దానికి రొయ్యలు పెట్టారా?"

"పెట్టాంరా. మీ అమ్మ ఇందాకే తలా తోకా తీసి పెట్టింది."

"మూత వేశారా?"

"వేశాంరా. దాని మీద ఇటుక కూడా పెట్టాం. నాకు మొన్న కొంచెం ఆయాసంగా ఉంటే డాక్టరు..."

"నాన్నా, ఒక్క నిమిషం. కొంచెం పక్కకి జరుగుతారా, మీరు అడ్డొస్తున్నారు."