సైకిల్ చైన్ శుభ్రానికి నెల లెక్క కుదరదు
ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయథ్లాన్‌కి తయారయ్యేవాళ్లు నెలకోసారి చైన్‌ని కిరోసిన్‌తో కడిగి నూనె వేస్తే చాలని ఒక వ్యాసంలో రాశారు. హైవే మీదే తొక్కేవాళ్లకి సరిపోతుందేమో గానీ కోనసీమ కాలువ గట్ల మీద తొక్కేవాళ్లకి అస్సలు సరిపోదు. ఇక్కడి ఒండ్రుమట్టి ఎండితే పిండిలా లేస్తుంది, నూనెలో కలిస్తే చైన్ లింకుల మధ్య తిరిగే రోలర్ల లోపల పిన్నుల్ని అరగదీస్తుంది. వరికోతలప్పుడు ట్రాక్టర్ చక్రాల నుంచి రోడ్డు మీద రాలే మట్టి మరీ దారుణం. తొక్కి రాగానే పొడిగుడ్డతో చైన్ పట్టుకుని, పెడల్ వెనక్కి తిప్పుతూ తుడవాలి, రెండు నిమిషాల పని. వానలో తడిసినా, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో తిరిగినా ఆ రోజే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి నూనె వేయాలి. కిరోసిన్ వాడితే పూర్తిగా ఆరేదాకా ఆగండి, లేకపోతే కొత్త నూనె పలచబడి కారిపోతుంది. ఒక్కో రోలర్‌కి ఒక్క చుక్క, చైన్ కింది వరస లోపలివైపు నుంచి వేయాలి. పది నిమిషాలాగి పైన మిగిలింది తుడిచేయాలి. చాలామంది వదిలేసేది ఇదే, మట్టి అంటుకునేదీ ఆ మిగిలిన నూనెకే. వెనక 11 లేదా 12 పళ్లచక్రాలుండే (11, 12 స్పీడ్) సైకిల్ చైన్‌కి అరుగుదల కొలిచే గేజీ 0.5 శాతం సాగుదల చూపిస్తే మార్చేయండి. ఆలస్యం చేస్తే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) పళ్లు కూడా పోతాయి.