బొటనవేలి ప్రజాస్వామ్యం

గుంటూరులో ఎన్నికల్ని శాసించేది ఎవరో రాజకీయ పండితులకు ఇప్పటికీ అంతుబట్టలేదు. కులమంటారు, డబ్బంటారు. బ్రాడీపేట, లక్ష్మీపురం అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులు చూసే భాగ్యం వాళ్లకు కలగలేదు పాపం.

మురుగుకాలువ పొంగిన ఫొటోని పొద్దున్నే వాకింగ్ నుంచి వస్తూ రిటైర్డ్ ఇంజినీరు గారు పెడతారు. కాఫీ తాగేలోపు దాని కింద వరసగా బొటనవేళ్లు. ఒకాయన ఎక్స్‌లో కమిషనర్‌ని ట్యాగ్ చేస్తాడు. ఇంకొకాయన "ఈసారి ఓటుతో బుద్ధి చెబుదాం" అని తీర్మానిస్తాడు. అంతలో మూడో అంతస్తు ఆవిడ మాగాయ జాడీల ఫొటో పెట్టి రేటు చెబుతుంది. ఇక కాలువ సంగతి కాలువే చూసుకోవాలి.

2010లో పాలకవర్గం గడువు తీరాక నగరపాలక సంస్థకు మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో పదేళ్లకు పైగా కార్పొరేటర్ అనేవాడే లేడు. గ్రూపుల్లో మాత్రం ప్రజాస్వామ్యం ఒక్కరోజూ ఆగలేదు. అడ్మిన్ మీద తిరుగుబాటు, గ్రూపులో చీలిక, చీలిక గ్రూపుకీ ఆయనే అడ్మిన్. ఇన్ని పనుల మధ్య ఎన్నికలు పెట్టమని అడిగే తీరిక ఎవరికుంటుంది?

2019 ఎన్నికల ముందు జాబితాలోంచి పేర్లు తీసెయ్యమంటూ మన రాష్ట్రంలో ఫారం 7 దరఖాస్తులు ఆన్‌లైన్‌లో లక్షల్లో వచ్చిపడ్డాయి. చాలాచోట్ల దరఖాస్తు ఎవరి పేరుతో ఉందో ఆ మనిషికే ఆ సంగతి తెలియదు. పోలీసు కేసులయ్యాయి. నినాదం లేదు, హ్యాష్‌ట్యాగ్ లేదు, ఎవరూ డీపీ మార్చలేదు. ఆన్‌లైన్ ఉద్యమమంటే అదండీ! మనవాళ్లు దాన్ని తీవ్రంగా ఖండించారు. ఖండించినవాళ్లలో ఎందరు తమ పేరు ఉందో ఊడిందో చూసుకున్నారని అడగడం చిల్లరతనం. హైదరాబాద్‌లో ఓటుంచుకుని గుంటూరు కాలువ కోసం కుమిలిపోయే విశాల హృదయుల్ని పట్టుకుని, ఫారం 8 నింపి ఓటు ఇక్కడికి మార్చుకోండని చెప్పడం అసలు మర్యాదే కాదు.

ఈ మహాశక్తిని సరిగ్గా అంచనా వేసింది అభ్యర్థి ఒక్కడే. "అందరికీ నమస్కారమండీ" అంటూ గ్రూపులో చేరతాడు. కాలువ ఫొటోకి తనూ ఓ బొటనవేలు పెడతాడు. మర్నాడు జేసీబీ పక్కన నిలబడి సెల్ఫీ దిగుతాడు. జేసీబీ కదిలిందా అని ఎవరూ అడగరు, "గ్రూపు పవర్" అని చప్పట్లు కొట్టుకుంటారు. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, ఓట్లున్న పాత గుంటూరు సందుల్లోకి వెళ్లిపోతాడు.

పోలింగ్ నాడు గ్రూపులో పోల్ పెడతారు: టిఫిన్ చేసి వెళదామా, ఎండ తగ్గాక వెళదామా? దాంట్లో మాత్రం నూటికి నూరుపాళ్లూ పాల్గొంటారు. ఎండే గెలుస్తుంది. ఎండ తగ్గేసరికి టీవీలో పోలింగ్ శాతం మీద చర్చ మొదలవుతుంది, అది వదిలి వెళ్లడం ఎవరి తరం?

ఆ పొద్దున పనమ్మాయి లైన్లో నిలబడి ఓటేసి, వేలికి సిరాతోనే వచ్చి అందరిళ్లలో అంట్లు తోమింది. ఆవిడ గ్రూపులో లేదు. అద్దెకున్నవాళ్లనే చేర్చుకోం, ఆవిడనెలా చేరుస్తాం?