పూల నీళ్లు, బురద నీళ్లు

ఫోన్‌లో కనిపించే ఏ వీడియో వినోదం, ఏది అడుక్కోవడం? ఈ చిక్కు తేల్చలేక చాలా దేశాల ప్రభుత్వాలు తల పట్టుకుని కూర్చున్నాయి. ఇండోనేషియా మాత్రం ఎప్పుడో తేల్చేసింది. ఆ పద్ధతి తెలిస్తే మిగతా ప్రభుత్వాలకు బోలెడు టెన్షన్ తగ్గుతుంది. అందుకని ప్రజాహితం కోరి వివరిస్తున్నాను.

2014 అక్టోబరులో టీవీ యాంకర్, నటుడు రఫీ అహ్మద్‌కు, నటి నగితా స్లావినాకు పెళ్లయింది. ట్రాన్స్ టీవీ రెండు రోజుల పాటు గంటల తరబడి లైవ్ ఇచ్చింది. ఎవరింటికైనా వెళ్తే చేతికి కాఫీ ఇచ్చి ఒళ్లో పెళ్లి ఆల్బం పెడతారు చూడండి, అది దేశం మొత్తానికి ఒకేసారి జరిగిందన్నమాట. కాఫీ మాత్రం ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. అక్కడి ప్రసార కమిషన్ కేపీఐకి కోపం వచ్చింది. తరంగాలు ప్రజల సొత్తు, ఒకరింటి శుభకార్యానికి ఇన్ని గంటలా అని మందలించింది. ఆ మందలింపు ఎంత బాగా పనిచేసిందంటే, అదే డిసెంబరులో ఆర్‌సీటీఐ చానెల్ అశాంతి అనే గాయని ప్రసవాన్ని లైవ్‌లో చూపించింది. కమిషన్ మళ్లీ మందలించింది.

ఆరేళ్లు దాటాక ఆ గాయని ఇంట్లోనే పెద్దమ్మాయి ఔరెల్‌కు పెళ్లి కుదిరింది. వరుడు అట్టా హలిలింతర్. ఆగ్నేయాసియాలో యూట్యూబ్ సబ్‌స్క్రైబర్లు కోటి దాటిన తొలి వ్యక్తి. ఈసారి ఆర్‌సీటీఐ నిశ్చితార్థం నుంచే మొదలుపెట్టింది. తర్వాత సిరమన్. అంటే మన మంగళస్నానం లాంటిదే: వధువును కూర్చోబెట్టి, పూలు వేసిన నీళ్లను పెద్దలు ఒక్కొక్కరే ముంచి తల మీద పోస్తారు. 2021 ఏప్రిల్‌లో పెళ్లి, అదీ కరోనా రోజుల్లో. సాక్షులుగా అప్పటి అధ్యక్షుడు జోకో విడొడొ, అప్పటి రక్షణ మంత్రి ప్రబోవో సుబియాంతో వచ్చారు. ఆ కబురును ప్రభుత్వ సచివాలయం తన అధికారిక ఖాతాలో పెట్టింది. ఇదేమైనా ప్రభుత్వ కార్యక్రమమా అని కొందరు గొడవ చేశారు. అధ్యక్షుడు, రక్షణ మంత్రి, చానెల్ కెమెరాలు ఒకచోట చేరితే ఇంకేమంటారు? మధ్యలో ఎవరికో పెళ్లి కూడా జరిగింది, అది వేరే సంగతి.

ఇప్పుడు రెండో రకం స్నానం. 2022 చివర్లో, 2023 మొదట్లో లొంబోక్ దీవి నుంచి టిక్‌టాక్‌లో కొన్ని లైవ్‌లు వచ్చాయి. ఒక పెద్దావిడ బురద గుంటలో కూర్చుని ఉంటుంది. చూసేవాళ్లు గిఫ్టు నొక్కితే, మగ్గుతో ఆ నీళ్లే ముంచి నెత్తిన పోసుకుంటుంది. నొక్కకపోతే ఊరికే కూర్చుంటుంది. అలా గంటలకు గంటలు, వణుకుతూ. పాట లేదు, యాంకర్ లేడు, ముఖ్యంగా స్పాన్సర్ లేడు. ఇక్కడ కేపీఐకి పని పడలేదు, దాని చేయి టీవీ, రేడియోల దాకానే. సాంఘిక వ్యవహారాల మంత్రి త్రి రిస్మాహరిని నేరుగా రంగంలోకి దిగి, జనవరిలో సర్క్యులర్ తీశారు. వృద్ధులను, పిల్లలను, వికలాంగులను అడ్డం పెట్టుకుని అడుక్కోవడాన్ని, ఆన్‌లైన్‌లో అయినా సరే, అరికట్టాలని అధికారులకు రాశారు. వెటకారం పక్కన పెడితే, ఆపాల్సిన పనే అది. నన్ను ముగ్ధుణ్ణి చేసింది మాత్రం ఆ చురుకు.

కాబట్టి సూత్రం ఇదీ. కెమెరా పెట్టుకుని, తల మీద నీళ్లు పోయించుకుని, చూసేవాళ్ల వల్ల డబ్బు సంపాదించడం రెండు చోట్లా ఉంది. నీళ్లలో పూలుంటే వినోదం, అధ్యక్షుడు వస్తాడు. మట్టి ఉంటే సర్క్యులర్ వస్తుంది.

ఈ సూత్రం రోడ్డు మీదా పనిచేస్తుంది. 2022 జులైలో చితాయమ్, దెపోక్ లాంటి శివారు ఊళ్ల కుర్రాళ్లు లోకల్ రైలెక్కి జకార్తా నడిబొడ్డున దుకుహ్ అతాస్‌లో దిగేవారు. చవక బట్టల్నే సోకుగా వేసుకుని, జీబ్రా క్రాసింగ్‌నే ర్యాంప్ చేసుకుని నడిచేవారు. టిక్‌టాక్ ఊగిపోయింది. గవర్నర్ అనీస్ బస్వేదన్ కూడా వచ్చి ఆ చారల మీద నడిచారు. నటుడు, యూట్యూబర్ బైమ్ వాంగ్ కంపెనీ ఒకడుగు ముందుకేసి, 'చితాయమ్ ఫ్యాషన్ వీక్' పేరును తమకు ట్రేడ్‌మార్క్‌గా రాసిమ్మని దరఖాస్తు పెట్టింది. జనం తిట్టిపోశాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఈలోగా ట్రాఫిక్‌కు అడ్డమని పోలీసులు పిల్లల్ని పంపించేయడం మొదలుపెట్టారు. పేరు కోసం ఆఫీసుకెళ్తే దరఖాస్తుదారు, అదే పేరుతో రోడ్డు దాటితే అడ్డం.

ఇక పెళ్లి లైవ్‌తో మొదలుపెట్టిన రఫీ సంగతి. 2021 జనవరి 13న కరోనా టీకా మొదలైన రోజు, అధ్యక్షుడితో పాటు టీకా వేయించుకున్న తొలి కొద్దిమందిలో ఆయన ఉన్నారు. యువతకు ఆదర్శంగా ఉంటుందని. ఆ సాయంత్రమే పార్టీలో మాస్కు లేకుండా కనిపించి, మర్నాడు క్షమాపణ చెప్పారు. అటు ప్రబోవో 2014, 2019 అధ్యక్ష ఎన్నికల్లో గంభీరంగా నిలబడి ఓడారు. 2024లో బొద్దు కార్టూన్ బొమ్మగా మారి, టిక్‌టాక్‌లో చిందేసి, 58 శాతానికి పైగా ఓట్లతో తొలి రౌండులోనే గెలిచారు. అక్టోబరులో గద్దెనెక్కిన వెంటనే రఫీని యువతకు, కళాకారులకు సంబంధించి తన ప్రత్యేక ప్రతినిధిగా నియమించారు. పెళ్లి సాక్షి ఒకరు, పెళ్లి లైవ్ ఒకరిది. పాలనకు ఇంతకంటే అనుభవం ఏం కావాలి?

లైవ్ పెట్టాలనుకునే బీదాబిక్కీకి నా సలహా ఒకటే. గుంటలో నాలుగు మల్లెలు వేసుకోండి. వెనక ఏదైనా సబ్బు కంపెనీ బ్యానర్ కట్టండి. సాక్షి సంతకానికి అభ్యర్థులెవరినైనా పిలవండి. 2029లో మళ్లీ ఎన్నికలున్నాయి, పనులు మానుకుని మరీ వస్తారు. మగ్గు కూడా వాళ్లే పట్టుకుంటారు.