డ్వార్ఫ్ ఏంజెల్‌కి బుల్లి ట్యాంక్ చాలంటున్న వాళ్ళకి

ఈ మధ్య ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది, డ్వార్ఫ్ ఏంజెల్ (ఉప్పునీటి అక్వేరియంలో పెంచే రంగుల చేప) చిన్నది కాబట్టి 40 లీటర్ల నానో ట్యాంక్ చాలట, నాచంతా అదే తినేస్తుంది కాబట్టి కొత్త ట్యాంక్‌లో ముందు దాన్నే వెయ్యాలట, కోరల్స్ (పగడపు జీవులు) జోలికి అస్సలు పోదట, రెండు తెచ్చి వేస్తే జంట కట్టేస్తాయట. ఒక్కటీ పూర్తిగా నిజం కాదు.

సైజు సంగతి చూడండి. డ్వార్ఫ్ అనేది దాదాపు మూరెడు పెరిగే ఎంపరర్ ఏంజెల్‌తో పోల్చి అన్నమాట. డ్వార్ఫుల్లోనే కోరల్ బ్యూటీ అనే రకం 10 సెంటీమీటర్లు, బైకలర్ అనేది 15 దాకా వస్తాయి. చెరబ్ అనే రకం 8 దగ్గరే ఆగిపోతుంది గానీ దాని పొగరు చూడాలి, తనకన్నా పెద్ద చేపల్ని కూడా తరిమి కొడుతుంది. 250 లీటర్ల లోపైతే నేను వద్దనే అంటా.

జంట విషయానికొస్తే, ఇవన్నీ ముందు ఆడవే, గుంపులో పెద్దది మగగా మారుతుంది. షాపులో ఒకే సైజువి రెండు పట్టుకొచ్చారనుకోండి, రెండూ అప్పటికే మగవైతే ఒకటి పోయేదాకా కొట్టుకుంటాయి. ఒకటి పెద్దది, ఒకటి బాగా చిన్నది, పెద్ద ట్యాంక్‌లో ఒకేసారి వదిలితే కొంత ఛాన్సుంది, అంతే.

అసలు ప్రమాదం నాచు మాటతోనే. ఈ చేపని కాసేపు గమనించండి, ఒక సందులో దూరి ఇంకో సందులోంచి వచ్చి, క్షణం ఆగి, ఒళ్ళు పక్కకి వంచి రాయిని టుక్కున కొరికి మళ్ళీ మాయమైపోతుంది, పొద్దస్తమానం ఇదే పని. అది కొరికేది లైవ్ రాక్ (సూక్ష్మజీవులు పట్టి ఉన్న సముద్రపు రాయి) మీద పల్చగా పట్టిన పొరని, అందులో ఉండే సన్న జీవుల్ని. మీరు వదిలించుకోవాలనుకునే జుట్టులాంటి పొడుగు నాచుని పెద్దగా ముట్టుకోదు. కొత్త ట్యాంక్‌లో ఆ పొర ఎక్కడిది? పైగా నీళ్ళలో చేపల వ్యర్థాల వల్ల చేరే విషాలు, అమ్మోనియా, నైట్రైట్, ఇంకా తగ్గకముందే వేస్తే బతకడమే కష్టం. కొన్నాళ్ళకి పొట్ట లోపలికి పీక్కుపోయి, తల వెనక కండ తగ్గిపోతుంది, అప్పుడేమో జబ్బు చేసిందని మందులకి పరిగెడతారు (కాపర్ (రాగి) కలిసిన మందుని ఇవి సరిగ్గా తట్టుకోలేవు, అది ఇంకో తలనొప్పి). రాళ్ళ మీద ఆ పొర కొన్ని నెలలు బాగా పట్టాక, మిగతా చేపలన్నీ కుదురుకున్నాక చివర్లో వెయ్యండి. స్పిరులినా (నాచు మేత), మైసిస్ (బుల్లి రొయ్యల్లాంటి జీవులు) రోజుకి రెండు మూడుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి.

కోరల్స్ సంగతి పూర్తిగా లాటరీ. ఒకే రకంలో ఒకటి ఏళ్ళ తరబడి బుద్ధిగా ఉంటుంది, ఇంకోటి ఉన్నట్టుండి బ్రెయిన్ కోరల్ కండనో క్లామ్ (ఆల్చిప్ప) అంచునో పీకడం మొదలెడుతుంది. కడుపునిండా పెడితే తగ్గొచ్చేమో గానీ గ్యారంటీ లేదు. తీసేద్దామంటే రాళ్ళన్నీ పీకాలి, వలతో పడితే బుగ్గ దగ్గరుండే ముల్లు దారాల్లో ఇరుక్కుంటుంది, లాగితే చేపకే గాయం. దానికన్నా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో మేత పెట్టి లోపల దించండి, అదే వస్తుంది.