ఇన్‌సానిటీ డాక్టర్ల మాట కాదు

హత్య కేసులో మానసిక వైద్యుడి రిపోర్టు కోర్టు ముందుకు వస్తే మర్నాటి శీర్షికల్లో నిందితుడికి ‘పిచ్చి’ పడుతుంది. రిపోర్టులో మాత్రం స్కిజోఫ్రీనియా అనో, బైపోలార్ డిజార్డర్ అనో ఉంటుంది. ‘ఇన్‌సానిటీ’ (మతి తప్పడం) అనే జబ్బు నేటి వైద్య వర్గీకరణల్లో లేదు. వైద్యులు ఎప్పుడో వదిలేసిన మాటను కోర్టులు అట్టే పెట్టుకున్నాయి.

1843లో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను కాల్చి చంపాడు. అధికార పక్షం తనను వేటాడుతోందని అతని భ్రమ. ఇన్‌సానిటీ కారణంగా జ్యూరీ నిర్దోషి అనేసరికి గగ్గోలు పుట్టింది. ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) అడిగితే న్యాయమూర్తులు ఒక కొలబద్ద చెప్పారు: చేస్తున్నదేమిటో, అది తప్పని ఆ సమయంలో అతనికి తెలుసా? మన పాత శిక్షాస్మృతి 84వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ ఇంచుమించు అదే అడుగుతాయి. తమాషా ఏమిటంటే, ఆ సెక్షన్లలో ‘ఇన్‌సానిటీ’ అన్న మాటే లేదు; ఉన్నది ‘మతిస్థిమితం లేకపోవడం’.

పక్కింటివాడు తన నీళ్లలో విషం కలుపుతున్నాడని నమ్మిన రోగి అతన్ని పొడిచాడనుకుందాం. జబ్బు నిజమే. కానీ రక్తపు చొక్కా ఉతికి ఆరేశాడు. ప్రాసిక్యూటర్ పట్టుకునేది ఆ చొక్కానే: తప్పని తెలియనివాడు ఉతకడమెందుకు? ఏళ్ల తరబడి పోగైన మందుల చీటీలకన్నా ఆ తడి చొక్కా బరువైపోతుంది. నాకు ఈ వాదన పూర్తిగా మింగుడుపడదు. పోలీసులకు భయపడినంత మాత్రాన విషం భ్రమ వదిలిందనలేం కదా! అయినా నిరూపించుకోవలసిన భారం నిందితుడిదే.

మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని, అది తేల్చవలసింది కోర్టేనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగానే చెప్పింది. అయినా 2023లో న్యాయ సంహిత తొలి బిల్లు ‘మానసిక అనారోగ్యం’ అని రాసింది. అలాగే ఉంటే చికిత్సలో ఉన్న ప్రతి నిందితుడూ ఆ మాటను పట్టుకునేవాడు. పార్లమెంటరీ సంఘం అభ్యంతరం చెప్పాక ‘మతిస్థిమితం లేకపోవడం’ అన్న పాత మాటే తిరిగొచ్చింది.

ఇక ‘పిచ్చివాడని వదిలేశారు’ అనే మాట. మెక్‌నాటన్‌ను ఎవరూ వదిలేయలేదు. 1865లో చనిపోయేదాకా మానసిక చికిత్సాలయాల గోడల మధ్యే ఉంచారు.